బాలింతకు పోసిన నీళ్ళు

అమ్మ కర్మలన్నీ అయిపోయిన మధ్యాహ్నం మా తమ్ముడి భార్య అటక మీది సామానంతా దించి వసారాలో పరిచింది. ఎవరికి కావలసింది వాళ్ళు తీసుకొమ్మంది. ఇత్తడి బిందెలు, గంగాళం, పోపులడబ్బా, పట్టుబట్టల ట్రంకుపెట్టె, అన్నిటికీ తీసుకునేవాళ్ళు దొరికారు. ఒక చిన్న రాగి చెంబు మాత్రం మిగిలిపోయింది. దాని అంచు ఒకచోట నొక్కుకుపోయి ఉంది. "ఇదేం పనికొస్తాది వదినా, పాతసామాన్లోనికి ఏసేద్దాం" అందామె. నేను గబుక్కున అందుకుని ఒళ్ళో పెట్టుకున్నాను. అమ్మ ఆ చెంబుతో నీళ్ళు తాగడం నేనెప్పుడూ చూడలేదు. దాన్ని పారేయడానికి ఒప్పుకోవడమూ చూడలేదు. ఎన్ని ఇళ్ళు మారినా అది మాతో వచ్చేది, వచ్చి అటకెక్కేది. ఎందుకో తెలిసినవాళ్ళలో ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను కాబట్టి ఇది రాస్తున్నాను.

మాది ధర్మవరంలో మగ్గాల వీధి. నిద్ర లేవకముందే చెవిలో మగ్గం చప్పుడు పడేది. మా ఇంట్లో ఒకటి, పక్కింట్లో ఒకటి, ఎదురింట్లో రెండు. నాయన గుంతలోకి కాళ్ళు దించుకుని మగ్గం ముందు కూర్చుంటే నడుము పైభాగమే కనిపించేది. పసితనంలో నాయనంటే సగం మనిషే అనుకునేదాన్నట, ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకూ ఆ మాట చెప్పి నవ్వేవాడు. పట్టునూలు ఉడకబెట్టిన రోజు వీధంతా సబ్బు, సోడా కలిసిన ఒక ముతక వాసన వేసేది. అది పోయేలోగా పొయ్యి మీది సంగటి వాసన వచ్చేది. అమ్మ ఒక చేత్తో కండెలు చుడుతూ ఇంకో చేత్తో తమ్ముణ్ణి ఊపేది. మా అవ్వ, అంటే నాయన తల్లి, గడప పక్కన కూర్చుని వక్క నములుతూ అందరి మీదా అజమాయిషీ చేసేది. ఎనిమిదిమందిని కని ముగ్గుర్ని మిగుల్చుకున్న మనిషి. ఆ ముగ్గురూ తన పథ్యం వల్లే మిగిలారని ఆమె నమ్మకం. పోయిన అయిదుగురి లెక్క దేవుడి ఖాతాలో వేసేసింది.

వీధిలో ఎవరికి కాన్పయినా మంత్రసాని వచ్చి బొడ్డు కోసి వెళ్ళిపోయేది. ఆ తర్వాత బాలింతను సాకే పని అవ్వది. ఇందులో ఆమెకు పైసా ఆదాయం లేదు, పేరు మాత్రం ఉంది. గది తలుపు మూయించేది, చెవుల్లో దూది పెట్టి తలకు గుడ్డ కట్టేది, మంచం కింద కుంపటి పెట్టేది, వెల్లుల్లి, మిరియాలు, సొంఠి, బెల్లం దంచి కాయం ఉండలు చేసి మింగించేది. అన్నం పిడికెడు, అందులోకి వేయించిన కారప్పొడి. నీళ్ళు మాత్రం తాగనిచ్చేది కాదు. పచ్చి ఒంట్లోకి నీళ్ళు పోతే వాతం కమ్ముతుందని, బిడ్డ తాగే పాలు నీరై పోతాయని అనేది. మరీ నాలుక పిడచగట్టుకుపోతే ఉడికించిన నీళ్ళలో ముంచిన గుడ్డతో పెదాలు తుడిచేది, అంతే. మా అమ్మ నన్ను కన్నప్పుడు, ఎవరూ చూడకుండా ఆ గుడ్డనే నోట్లో పెట్టుకుని చీకిందట. ఇది నాకు అమ్మే చెప్పింది, నా పెళ్ళయ్యాక, అదీ గుసగుసగా, దొంగతనం చేసిన మనిషిలాగా.

ఆ ఏడు వానల్లేవు. మా వైపు వాన లేకపోవడం వార్త కాదు, కానీ ఆ ఏడు వీధి చివరి బావిలో బొక్కెన వేస్తే రాయి తగిలిన చప్పుడు వచ్చింది. ఆడవాళ్ళందరూ చిత్రావతి ఏట్లోకి వెళ్ళి ఇసుక తోడి, చెలమలో ఊరిన నీళ్ళు చిప్పతో ముంచి బిందెలోకి పోసుకునేవాళ్ళు. ఒక బిందె నిండాలంటే పొద్దెక్కేది. నేను అమ్మ వెంట చిన్న బిందె తీసుకుని వెళ్ళేదాన్ని. ముదిగుబ్బ వైపు పల్లెల్లో గొర్రెలు మేత లేక పడిపోతున్నాయని సంతకు వచ్చినవాళ్ళు చెప్పుకునేవాళ్ళు. బిందె నెత్తిన పెట్టుకున్నాక ఎవరూ ఎవరితోనూ మాట్లాడేవాళ్ళు కాదు. నోరు తెరిస్తే ఉన్న తడి కూడా పోతుందన్నట్టు నడిచేవాళ్ళు.

అలాంటి కాలంలో మా పక్కింట్లోకి సెంగమలం వచ్చింది. వాళ్ళాయన మాణిక్యం అరవదేశం నేతగాడు. అంచుల్లో బుటాలు వేయడంలో చెయ్యి తిరిగినవాడని ఒక షావుకారు పిలిపించి మగ్గం ఇచ్చాడు. సెంగమలానికి అప్పుడు పందొమ్మిదో ఇరవయ్యో. వాళ్ళ ఊరు కావేరి పక్కన. వాకిట్లోనే కాలువ, అందులో కాళ్ళు పెట్టుకుని అంట్లు తోముకుంటారట. ఆమె వచ్చిన మొదటి వారం మా చెలమలు చూసి, "అక్కా, ఏరు ఎక్కడ?" అని అడిగింది. "ఇదే ఏరు" అంది అమ్మ. నమ్మకం లేక పిల్ల ఇసుక మీద చెయ్యి పెట్టి చూసింది. ఆడవాళ్ళు పడీ పడీ నవ్వారు. అప్పట్నుంచి అందరికీ ఆమె అరవక్క అయింది. నాకు జడలు వేసేది. మాకు తెలియని పాటలు పాడేది. మేము చెనక్కాయలు, మిరపకాయలు కలిపి నూరుకునే ఊరిబిండి నోట్లో పెట్టుకుని కారానికి కళ్ళనీళ్ళు కార్చేది, అయినా ఇంకొంచెం పెట్టమనేది.

వచ్చిన కొన్నాళ్ళకే నీళ్ళోసుకుంది. వేవిళ్ళలో ఆమె కోరినవేవీ మా ఊళ్ళో దొరకవు. లేత కొబ్బరి, చేపలు, ఏవో ఆకుకూరలు. అమ్మ తనకు చేతనైనంతలో చింతచిగురు, వేయించిన చెనక్కాయలు తీసుకెళ్ళి ఇచ్చేది. అవ్వ ఆమె తిండి మీద కూడా కన్నేసి ఉంచింది. ఎక్కువ తింటే కడుపులో బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుందని అవ్వ లెక్క. "సగం కడుపుకే తిను మే, మిగతాది నీ బిడ్డకి తావు" అనేది. పిల్ల కాళ్ళు వాచాయి, ముఖం పాలిపోయింది. అయినా రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతూనే ఉండేది. పెళ్ళిచీర ఒకటి మగ్గం మీదుంది, అది ఆగకూడదు.

తొలికాన్పు పుట్టింట్లోనే కదా. వాళ్ళన్న ఆమెను తీసుకుపోవడానికి ఏడో నెలలో రావాలి. అక్కడ ఏం అడ్డం వచ్చిందో, వచ్చేసరికి ఎనిమిదో నెల నడుస్తోంది. బక్కపల్చటి మనిషి, చంకలో గుడ్డసంచి, సంచిలో వాళ్ళమ్మ పంపిన మురుకులు. సెంగమలం అప్పటికే బట్టలు మూట కట్టుకుని కూర్చుంది. అవ్వ వాళ్ళింటి గడపకు అడ్డంగా నిలబడింది.

"ఎనిమిదో నెల్లో ఆడకూతురు పొలిమేర దాటేది యాడన్నా ఉండాదా? రైల్లో నొప్పులొస్తే యాడ కంటాది, బెంచీ మీద కంటాదా?"

ఆ అన్నకు తెలుగు సగమే వచ్చు. చేతులు జోడించి, "అమ్మ ఎదురు చూస్తా ఉంది, పెద్దమ్మా" అన్నాడు.

"మీ అమ్మ ఆడుంటే నేను ఈడ లేనా? నా కూతురనుకుంటి. పోయి చెప్పు మీ అమ్మకి, ఈ ముసిల్ది సాకి, తల్లీబిడ్డల్ని అప్పగిస్తాదని. బిడ్డకి అయిదో నెల రానీ, అప్పుడొచ్చి తోడుకొని పో."

మాణిక్యం మగ్గం దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు. అతనికి పెద్దవాళ్ళంటే భయం, పైగా చీర మగ్గం మీదుంది. సెంగమలం మూట విప్పలేదు, మూలన పెట్టింది. అన్న వెళ్ళేటప్పుడు ఆమె గుమ్మం పట్టుకుని ఏడ్చిన ఏడుపు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. అవ్వ ఆమె తల నిమురుతూ కూర్చుంది. ఆ నిమరడంలో అబద్ధం లేదు. అవ్వ దుర్మార్గురాలైతే ఈ కథ రాయడం నాకు ఎంతో తేలికయ్యేది.

ఆడపిల్ల పుట్టింది. కాన్పు కష్టంగానే జరిగింది, నొప్పులు ఒక రాత్రీ పగలూ లాగాయి. మంత్రసాని చేతులు కడుక్కుని వెళ్ళిపోయాక అవ్వ గది తలుపు మూసింది. ఎండాకాలం మొదలవుతోంది. పైన నాపరాళ్ళ కప్పు, కింద కుంపటి, మధ్యలో ఆ పిల్ల. నేను బిడ్డను చూసే నెపంతో లోపలికి దూరేదాన్ని. లోపల అడుగు పెడితే పొయ్యిలో తల పెట్టినట్టుండేది, వెల్లుల్లి, సాంబ్రాణి, పచ్చినెత్తురు వాసన కలిసి కొట్టేది. రెండో రోజుకే ఒళ్ళు పేలిపోతున్నట్టు జ్వరం వచ్చింది. పాలు పడే జ్వరమని అవ్వ అంది.

అరవక్క నీళ్ళు అడుగుతూనే ఉంది. భాష తెలియక ఇవ్వలేదని ఎవరూ అనడానికి లేదు. తెలుగులోనే అడిగింది. "అవ్వా, ఒక్క గుక్క. మా అమ్మ సొంఠి నీళ్ళు కాచి చెంబుతో ఇస్తుంది అవ్వా, మా ఊళ్ళో ఇస్తారు" అని చెప్పింది.

"మీ ఊళ్ళో ఏరు పారతాది, మీ ఒళ్ళు వేరే. ఈ నేలలో కన్నావు, ఈ నేల పథ్యమే చెయ్యల్ల" అంది అవ్వ. "నాలుగు దినాలు ఓర్చుకో తల్లీ. నేను ఓర్చుకోలేదా? మీ అక్క ఓర్చుకోలేదా?"

బాలింతకు నీళ్ళు తాపకూడదు గానీ, పోయడం మాత్రం తప్పదు. రోజు విడిచి రోజు బాలింత స్నానం. నాలుగిళ్ళ ఆడవాళ్ళు, తమ ఇళ్ళలో పిల్లలకు తాగడానికి లేకపోయినా, తలా ఒక బిందె తెచ్చి గంగాళంలో పోసేవాళ్ళు. ఎవరూ అడిగి తెప్పించుకోవలసిన పని లేదు, అరవక్క కోసమని వాళ్ళంతట వాళ్ళే తెచ్చేవాళ్ళు. వేపాకు వేసి మరగకాచి, ఆమెను పీట మీద కూర్చోబెట్టి, అవ్వ తన చేతులతో నడుము మీద, వీపు మీద, తల మీద చెంబులు చెంబులు పోసేది. చెలమలో చిప్పతో ముంచిన నీళ్ళన్నీ ఆమె ఒంటి మీదుగా జారి తూముగుండా వీధిలోకి పోయేవి. అలా ఒక స్నానం రోజు అమ్మ వేడినీళ్ళు అందిస్తోంది, నేను సున్నిపిండి పట్టుకుని నిలబడ్డాను. అప్పుడు చూశాను. నీళ్ళు తల మీద పడుతుంటే సెంగమలం ముఖం పైకెత్తి నోరు తెరిచింది. పొగలు కక్కే నీళ్ళు. పెదాలు కాలుతున్నా మూయలేదు. గొంతు కదలడం చూసి అవ్వ వెంటనే అరచేత్తో ఆమె నోరు మూసి తల వంచింది. "తప్పు తల్లీ, తప్పు" అంటూ ముద్దుగా మందలించింది. అమ్మ చేతిలో చెంబు కిందపడి అంచు నొక్కుకుపోయింది.

ఆ రోజు నాయన మగ్గం గుంతలోంచి పైకి లేచి, "అమ్మా, జట్కా పిలుచుకొనొస్తా. ఆసుపత్రికి తీసకపోదాం, నాకేమో బాగనిపించలే" అన్నాడు. "పచ్చి బాలింతని ఎండలో బైటికి తీస్తావా? మగోనివి, నీకేం తెలుసురా ఈ సంగతి?" అంది అవ్వ. నాయన మాణిక్యం వైపు చూశాడు. మాణిక్యం నేల చూశాడు. నాయన మళ్ళీ గుంతలోకి దిగి సగం మనిషైపోయాడు. మగవాళ్ళు ఆ తలుపు దగ్గర ఆగిపోవాల్సిందేనని అందరూ ఒప్పుకున్న సంగతి, నాయన ఒక్కడు ఏం చేస్తాడు అని అప్పుడనిపించింది. ఇప్పుడు అలా అనిపించడం లేదు.

మరునాడు అన్నాలయ్యాక అవ్వ వసారాలో కునుకు తీసింది. వీధంతా మగ్గాల చప్పుడు. అమ్మ కుండలోంచి చన్నీళ్ళు ఆ నొక్కుకుపోయిన చెంబులో ముంచుకుని, కొంగు కప్పుకుని పక్కింట్లోకి వెళ్ళింది. నేను వెనకాలే వెళ్ళాను. నన్ను చూసి కూడా పొమ్మనలేదు. సెంగమలం తల కింద చెయ్యి పెట్టి లేపి, చెంబు నోటికి ఆనించింది. ఆ పిల్ల రెండు చేతులతో చెంబు పట్టుకుని ఆపకుండా తాగింది. గడ్డం మీదుగా, గొంతు మీదుగా కారింది. తాగి, కళ్ళు తెరిచి, మమ్మల్నిద్దర్నీ చూసి నవ్వింది. "అక్కా, ఇప్పుడు బాగుంది" అంది. బిడ్డను పక్కలో పడుకోబెట్టమంది. పెట్టాము. ఆ పిల్ల మూతిని ఆ పిల్ల కొంగుతోనే అమ్మ తుడిచి, తడి కనపడకుండా దుప్పటి లాగింది.

ఆ మర్నాడు తెల్లవారుతుండగా సెంగమలానికి ఒళ్ళు కొంకర్లు పోయింది. పొద్దెక్కేసరికి ప్రాణం పోయింది.

అవ్వ ఏడవలేదు. గుడ్డ తీసి తల దువ్వింది, చెవుల్లో దూది తీసింది. తర్వాత వాకిట్లోకి వచ్చి, చేరిన ఆడవాళ్ళందర్నీ చూసి ఒకే మాట అడిగింది. "ఎవురే నీళ్ళిచ్చింది?"

ఇచ్చారని ఆమెకెవరూ చెప్పలేదు. నీళ్ళియ్యకపోతే పిల్ల పోదని ఆమె నమ్మకం. పోయింది కాబట్టి ఎవరో ఇచ్చారు. అమ్మ నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. నేనెవరికీ చెప్పేదాన్ని కాదు. కానీ అమ్మకు అబద్ధం చేతకాదు.

"నేనే అత్తా. ఒక చెంబుడు."

వీధి ఆడవాళ్ళు అందరూ ఒక అడుగు వెనక్కి జరిగారు. అవ్వ కొట్టలేదు, తిట్టలేదు. "వాళ్ళమ్మకి మాటిచ్చి పెట్టుకొంటి గదే. చంపేస్తివి గదే" అంది. అంతే. బతికినన్నాళ్ళూ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఎత్తి రోజూ తిట్టి ఉంటే అమ్మ ఎదురు తిరిగేదేమో, తనలో తను వాదించుకుని ఎప్పుడో బయటపడేదేమో. ఆ ఒక్క మాట మటుకు ఎవరూ తీయని ముల్లులా లోపలే ఉండిపోయింది.

వాళ్ళన్న మళ్ళీ వచ్చాడు, బిడ్డను గుడ్డలో చుట్టుకుని రైలెక్కాడు. సంచిలో చెల్లెలి మూట, అది విప్పనే లేదు. ఆ పిల్ల దారిలో ఏం తాగిందో, బతికిందో లేదో, తర్వాత మాకే కబురూ రాలేదు. మాణిక్యం మగ్గం మీది పెళ్ళిచీర నేసి, కోసి, మడతపెట్టి షావుకారుకిచ్చి, వీధిలో ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయాడు. ఆ గుంతలో చాలా రోజులు మా మేకపిల్లలు పడుకున్నాయి. ఇక మా వీధిలో పథ్యం మారిందా అంటే, మారింది. ఇంకా బిగిసింది. ఇదివరకు కరుణగల తల్లులు పెదాలు తడుపుకోవడానికి గుడ్డ ఇచ్చేవాళ్ళు. ఇప్పుడు అదీ పోయింది. "అరవక్క ఏమైందో చూస్తిరి గదా" అనేవాళ్ళు. ఆ తర్వాతి ఏడాదుల్లో ఎన్ని గదుల్లో ఎందరు బాలింతలు ఆమె పేరు విని నాలుక పీక్కుపోయి పడుకున్నారో తలచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఒక చచ్చిపోయిన పిల్లను కాపలా పెట్టారు, ఆ తలుపుకు.

అమ్మను మాత్రం ఏ పురిటింటికీ పిలవలేదు. తెలిసినవాళ్ళ బిడ్డలను చూడడానికి వెళ్ళినా గుమ్మం దగ్గరే నిలబడి, చేతిలోని బెల్లం ముక్క అక్కడే పెట్టి వచ్చేది. నా కాన్పు ఆసుపత్రిలో జరిగింది. నర్సు గ్లాసుతో నీళ్ళు తెచ్చేసరికి అమ్మ బయటికి వెళ్ళి, కారిడార్‌లో గోడవైపు తిరిగి నిలబడింది. నాకు మంట పుట్టింది. ఆనాటి సంగతి డాక్టరమ్మకు చెప్పి, ఆమె చెప్పింది అమ్మకు పూసగుచ్చినట్టు వినిపించాను. కాన్పులో చేతుల మురికి లోపలికి పోయి నెత్తురు విషమైంది, జ్వరంలో నీళ్ళు లేక ఒళ్ళెండిపోయింది, నువ్విచ్చింది ఆలస్యమైన మందే గానీ విషం కాదమ్మా అన్నాను. ఒకసారి కాదు, బతుకంతా చెప్పాను. అమ్మ ఓపిగ్గా వినేది. చివర్లో, "నీకు సదువుండాది పాపా, అట్లే చెప్తావు" అనేది. "ఆ నీళ్ళు తాగకపోయుంటే ఆ దినం పోయేది కాదు గదా." ఏ రోజు పోయేదో నాకెలా తెలుస్తుంది?

ఈ ఎండాకాలం తొంభై దాటిన అమ్మను ఊపిరి అందక ఆసుపత్రిలో చేర్చాము. మంచాలు చాలక ఆ వార్డులోనే ఒక మూలన బాలింతలను కూడా పెట్టారు. ఎదురు మంచం మీద ఒరిస్సా నుంచి ఇటుకబట్టీ పనికి వచ్చిన పిల్ల. చంకలో నిన్న పుట్టిన బిడ్డ. మొగుడు పని పోతుందని పొద్దున్నే వెళ్ళిపోయాడు. ఆమె మాట ఎవరికీ రాదు, ఎవరి మాటా ఆమెకు రాదు. ఖాళీ సీసా ఎత్తి, బొటనవేలు నోటి దగ్గర పెట్టి, వచ్చేపోయే వాళ్ళందరికీ చూపిస్తోంది. నీళ్ళ కుళాయి వరండా చివర్లోనే ఉంది. ఎవరికీ తీరలేదు. పక్కమంచం తాలూకు పెద్దావిడ ఒకామె మాత్రం, "పచ్చి బాలింత, సన్నీళ్ళు తాపితే వాతం కొడతాది, ఊరకుండండి" అంది. చెలమలు తోడి నీళ్ళు మోసి పోసిన ఆ నాలుగిళ్ళ ఆడవాళ్ళు నాకు గుర్తొచ్చారు. వాళ్ళకు ప్రేమన్నా ఉండేది. ఇక్కడ అది లేదు, ఆ పథ్యం మాత్రం చెక్కు చెదరకుండా ఉంది.

నేను లేచి ఆ సీసా అందుకోబోయాను. అమ్మ నా మణికట్టు పట్టుకుంది. ఆ చేతిలో అంత బలం ఎక్కడి నుంచి వచ్చిందో.

"ఇయ్యద్దు పాపా. నీ మీదికొస్తాది."

వేళ్ళు ఒక్కొక్కటే విడిపించుకుని వెళ్ళి, నీళ్ళు పట్టి తెచ్చి ఇచ్చాను. ఆ పిల్ల సీసా ఎత్తి గటగటా తాగింది, గడ్డం మీదుగా కారింది, నన్ను చూసి నవ్వింది. నేను వెనక్కి తిరిగేసరికి అమ్మ ముఖం గోడవైపు తిప్పుకుని ఉంది. ఆ సాయంత్రం అన్నం ముట్టలేదు. మరునాడు పొద్దున కళ్ళు తెరుస్తూనే అడిగింది.

"ఆ పిల్ల ఉండాదా?"

"ఉండాదిమా. అదిగో చూడు, బిడ్డకి పాలిస్తాండాది."

అమ్మ అటు చూడలేదు. "సెంగమలం గూడా తాగినంక బాగనే ఉండె, నవ్వె" అంది. "నాలుగు దినాలు పోనీ. అప్పుడు చెప్పు."

ఆ నాలుగు రోజులు అమ్మకు దక్కలేదు, మూడో రోజే పోయింది. ఆమెను స్ట్రెచర్ మీద తీసుకొచ్చేటప్పుడు ఆ పిల్ల బిడ్డను భుజాన వేసుకుని వార్డు తలుపు పక్కన నిలబడి ఉంది, మాకు దారి ఇవ్వడానికి పక్కకు జరిగింది. చేతిలో నిండు నీళ్ళ సీసా ఉంది. చెప్పాలని అమ్మ ముఖంలోకి చూశాను, అప్పటికే గుడ్డ కప్పేశారు.